కత్తి కాడ మీద నలుపు

హంజిరోకి ఒక ఇనుప బిళ్ల నిద్ర లేకుండా చేసింది.

అరచేతిలో ఇమిడే గుండ్రటి బిళ్ల అది. కత్తి పట్టుకున్నవాడి చెయ్యి జారి పదును మీదికి పోకుండా పిడికీ, కోసే అలుగుకీ మధ్య అడ్డంగా తొడుగుతారు. త్సుబా అంటారు జపానులో. దాని మీద ఒక పక్క రెల్లు దుబ్బు, ఇంకో పక్క సగం చందమామ చెక్కి ఉన్నాయి. పాత సామాన్ల సంతలో చూడగానే మనసు పారేసుకుని కొనేశాడు. ఇంటికొచ్చి గుడ్డ విప్పాడో లేదో, బెంగ మొదలైంది. ఇది నిజంగా పాతదేనా? లేక నిన్న గాక మొన్న ఎవడో పోత పోసి, పొగ పట్టించి, తనకి అంటగట్టాడా?

హంజిరో బిజెన్ సీమలో అద్దకంవాడు. నీలిమందు తొట్లు, నల్లరంగు కుండలు, దండేల మీద గుడ్డలు, అదీ అతని లోకం. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ నీలంగానే ఉండేవి. కత్తి నడుముకి కట్టుకు తిరగడం సర్కారు మాన్పించేశాక, పెద్దపెద్ద ఇళ్ళలోంచి కత్తులూ వాటి సామాన్లూ సంతలకి వచ్చిపడుతున్న రోజులవి. ఊళ్లోవాళ్ళకి అది పాత ఇనుము. హంజిరోకి మాత్రం పిచ్చి పట్టుకుంది. అన్నం ముందు కూచున్నా పక్కన ఆ బిళ్ల ఉండాల్సిందే.

కొండ మీద చిన్న మఠంలో సొగాన్ అనే ముసలి సన్యాసి ఉండేవారు. చిన్నప్పుడు కత్తులు సానపట్టే గురువు దగ్గర పెరిగిన మనిషి. సన్యాసం పుచ్చుకున్నా ఆ చూపు పోలేదు. కత్తుల మీద మక్కువ ఉన్నవాళ్ళు పున్నమి రోజున ఆయన దగ్గర చేరి, తెచ్చినవి చాప మీద పెట్టుకుని చూసుకునేవారు. సన్యాసికి కత్తులతో పనేమిటని అడిగేవాళ్ళు అడిగేవారు, ఆయన నవ్వేసి ఊరుకునేవారు.

హంజిరో బిళ్లని గుడ్డలో చుట్టుకుని కొండెక్కాడు.

"గురువుగారూ, ఇది అసలైనదేనా?"

సొగాన్ దాన్ని వెలుతురుకి పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. "నీకేమనిపిస్తోంది?"

"అది తెలియకే గదండీ మీ దగ్గరికి వచ్చాను."

"అయితే తెలిసేదాకా వస్తూ ఉండు" అన్నారాయన, బిళ్ల తిరిగి ఇచ్చేస్తూ.

అలా చేరాడు శిష్యుడిగా. చేరిన మొదటి రోజే తప్పు చేశాడు. కత్తి చేతికి రాగానే, బట్ట నాణ్యం చూసే అలవాటు కొద్దీ, అలుగు మీద వేలితో రాశాడు. సొగాన్ చటుక్కున అతని మణికట్టు పట్టుకున్నారు. మెత్తటి కాగితం తీసి ఆ చోటు తుడిచి, రాతిపొడి అద్ది మళ్ళీ తుడిచి, లవంగ నూనె పలచగా రాశారు.

"చేతి చెమట నాయనా. ఇవాళ ఏమీ కనపడదు. కొన్నాళ్ళకి నీ వేలిముద్ర తుప్పై కూచుంటుంది."

ఇక చూడండి హంజిరో భయం. ఆనాటి నుంచి చొక్కా చేతి మడతలో కాగితం లేకుండా గడప దాటలేదు. కత్తి చూసేటప్పుడు ఊపిరి తగులుతుందేమోనని నోటికి కూడా కాగితం అడ్డం పెట్టుకునేవాడు. అతని కంటే ముందు నుంచీ వస్తున్న తొమినో అనే ఆవిడ ఇది చూసి నవ్వు ఆపుకోలేకపోయేది. సారా దుకాణం నడిపే మనిషి, ఇనుప బిళ్లలంటే ప్రాణం. "అది కత్తి తమ్ముడూ, పురిటి బిడ్డ కాదు. కాస్త ఊపిరి పీల్చుకో" అనేది.

బెంగ మాత్రం తగ్గలేదు. తొమినో చూడగానే ఇది ఫలానా కాలం, ఇది ఫలానా ఊరి పని అనేసేది. హంజిరో చెప్పినవన్నీ తప్పయ్యేవి. ఒక పున్నమి నాడు ఉండబట్టలేక మళ్ళీ అదే అడిగాడు. "అసలుదీ నకిలీదీ ఎలా తెలుస్తుంది గురువుగారూ? ఈ జన్మకి నాకు తెలుస్తుందంటారా?"

సొగాన్ లేచి లోపలికి వెళ్ళి ఒక కత్తి తెచ్చారు. అది ఆయన గురువు పోతూ పోతూ ఆయన చేతిలో పెట్టింది. చేసినవాడి పేరు ఎక్కడా చెక్కి లేదు. ప్రతి పున్నమికీ ఆయన దాని వెదురు మేకు తట్టి, పిడి ఊడదీసి, లోపల దాగి ఉండే కాడని కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, మళ్ళీ తొడిగేసేవారు. ఆ కాడంతా నల్లగా, గరగరలాడుతూ తుప్పు.

"వచ్చే పున్నమి దాకా నీ ఇంట్లో ఉంచుకో" అన్నారు.

హంజిరో అరచేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "ఏం చెయ్యమంటారు?"

"చూస్తూ ఉండు."

కత్తిని రెండు చేతులా ఎత్తుకుని కొండ దిగుతూ ఉంటే అడుగు పడితే భయం, పడకపోతే భయం. ఇంట్లో అన్నిటికంటే ఎత్తైన అర మీద పెట్టాడు. అక్కడ కప్పు కారుతుందేమోనని కిందికి దించాడు. కింద చెమ్మ అని మళ్ళీ పైకి ఎక్కించాడు. ఇంతలో వానలు రానే వచ్చాయి. తలుపులు ఉబ్బాయి, గుడ్డలు ఆరడం మానేశాయి, చాపలకి బూజు పట్టింది. హంజిరో పని వదిలేసి పూటపూటకీ ఒర తీసి చూసుకునేవాడు. అలుగు అద్దంలా ఉంది. పిడి ఊడదీస్తే మాత్రం గుండె గుభేలుమనేది. ఆ తుప్పు! నిన్నటికీ ఇవాళ్టికీ పెరిగినట్టే ఉంది. ఈ తుప్పు పాకుతూ పాకుతూ అలుగులోకి వెళితే?

అప్పుడొచ్చింది అతనికి ఆ ఆలోచన. గురువుగారికి చూపు ఆనడం లేదు పాపం. అంత దగ్గర పెట్టుకుని చూసేది అందుకే అయ్యుంటుంది. అలుగు ఇంత శ్రద్ధగా చూసుకుంటారు, కాడ సంగతి కనిపెట్టలేకపోయారు. వయసైపోయింది, ఎవరో ఒకరు చెయ్యాలి గదా!

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం రంగుల తొట్ల పక్కన కూచుని మొదలెట్టాడు. బూడిద, ఇసుక, గడ్డి చుట్ట. అది లొంగకపోతే నూరుడు రాయి. చేతులు పట్టేసినా వదల్లేదు. సాయంత్రానికి కాడ కొత్త గిన్నెలా తళతళలాడుతోంది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపు నిండా తిన్నాడు. గురువుగారు చూసి ఏమంటారోనని లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

ఆ మురిపెం ఎంతోకాలం లేదు. కత్తులు చుట్టుకునే గుడ్డకి రంగు వేయించుకుందామని తొమినో అతని అద్దకం దుకాణానికి వచ్చింది. వచ్చిన మనిషి చిరాగ్గా ఉంది.

"ఇవాళ ఒక పెద్దమనిషి కత్తి తెచ్చి చూపించాడు తమ్ముడూ. మంచి కత్తి. కాడ తోమేశాడు మహానుభావుడు! నాకు ఏడుపొచ్చింది."

హంజిరో చేతిలో గుడ్డ తొట్లోకి జారింది. "తోమితే ఏమైంది అక్కగారూ?"

"ఏమైందేమిటి? అలుగుని ఎన్నిసార్లైనా సానపడతారు, దాని వయసు దాని మీద నిలవదు. కాడని ఎవరూ ముట్టుకోరు. కత్తి పుట్టినప్పటి నుంచీ పట్టిన తుప్పు ఆ నలుపు, దాని వయసు చెప్పేది అదే. చేసినవాడి పేరు ఉన్న కత్తి అయితే పోనీ, ఏదో ఒకటి చదువుకోవచ్చు. పేరు లేనిదానికి ఇక ఏముంది? నోరు నొక్కేసినట్టే. మన గురువుగారు ప్రతి పున్నమికీ తన కత్తి కాడ పట్టుకుని కూచుంటారు, చూడలేదూ? వాళ్ళ గురువుగారు కూడా అలాగే కూచుని చూసేవారట."

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. హంజిరోకి వినపడటం లేదు. "రంగు ముదురుగా ఉండాలి" అని చెప్పి తొమినో వెళ్ళిపోయింది. అతను అక్కడే చతికిలబడ్డాడు.

ఆయన గురువు ఇచ్చిన కత్తి. ఇద్దరు ముసలివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కూచుని చూసుకున్న నలుపు. దాన్ని తను బూడిద పెట్టి తోమాడు. ఈ సంగతి తెలిస్తే గురువుగారు మళ్ళీ గడప తొక్కనిస్తారా? గడప మాట అలా ఉంచండి, ఆయన మొహం ఎలా చూడటం?

పున్నమి దగ్గర పడుతోంది. అన్నం సయించలేదు. పారిపోదామా అనుకున్నాడు, కత్తి పోయిందని అబద్ధం చెబుదామా అనుకున్నాడు. చివరికి తన పెరట్లోనే దారి కనపడింది. అద్దకంవాడికి నలుపు చెయ్యడం ఒకరు నేర్పాలా? పాత మేకులు పులిసిన గంజిలో నానేసిన కుండ ఎప్పుడూ ఉండేదే. టీ ఆకు కషాయం చిక్కగా కాచాడు. ఒక పూత ఇదీ, ఒక పూత అదీ. ఆరబెట్టాడు, మళ్ళీ పూశాడు. మట్టిలో పొర్లించి పైపైన తుడిచాడు. పనితనం ఉన్న చెయ్యి గదా, నలుపు అచ్చం అలాగే కుదిరింది. తనకే ఏది ఏదో తెలియడం లేదు. దాంతో భయం తగ్గాలా, ఇంకా ఎక్కువైంది.

పున్నమి నాడు మఠంలో సొగాన్, తొమినో, హంజిరో ముగ్గురే ఉన్నారు. బయట ముసురు. హంజిరో కత్తిని చాప మీద పెట్టి, వంగి దణ్ణం పెట్టి, వెనక్కి జరిగి కూచున్నాడు.

సొగాన్ మేకు తట్టారు. పిడి ఊడింది.

తొమినో ముందు చూసింది. కాడని వెలుతురుకి తిప్పి, "ఈ నలుపు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు గురువుగారూ" అంది. హంజిరో కళ్ళు మూసుకున్నాడు. గట్టెక్కాడు. గట్టెక్కినందుకు సంతోషం రావాలి గదా, రాలేదు. ఇక ప్రతి పున్నమికీ గురువుగారు తన గంజి నీళ్ళని చూస్తూ కూచుంటారు.

కత్తి సొగాన్ చేతికి వచ్చింది. ఆయన ఎప్పటిలాగే కిటికీ దగ్గరికి జరిగారు. చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. కాసేపయ్యాక కత్తిని తెచ్చి హంజిరో చేతుల్లో పెట్టారు.

"మొదటి రోజు ఒకటి అడిగావు. ఇప్పుడు నేను అడుగుతున్నాను" అన్నారు. "ఇది అసలైనదేనా?"

వాన చూరు మీంచి పడుతోంది. తొమినో నవ్వుతూ అతని వైపు చూసింది, ఇంత తేలిక ప్రశ్నకి కూడా తడబడుతున్నాడేమిటని. హంజిరో కత్తి వైపు చూశాడు.

"కత్తి అసలైనదే గురువుగారూ" అన్నాడు. "తుప్పు నాది."

తొమినో నవ్వు ఆగిపోయింది.

సొగాన్ ఆమె వైపు గానీ అతని వైపు గానీ చూడలేదు. టీ కెటిల్లోంచి వేడినీళ్ళు గుడ్డ మీద పోసి, పిండి, కాడని తుడవసాగారు. నలుపు గుడ్డకి అంటుకుని వచ్చేసింది. మళ్ళీ తడిపారు, మళ్ళీ తుడిచారు. అంతా పోయి తళతళమనే ఇనుము బయటపడింది. ఆ ముసలి వేళ్ళు దాని మీద ఒక్క క్షణం ఆగాయి. హంజిరోకి ఏడుపు తన్నుకొచ్చింది. తిట్టినా బాగుండేది, ఆయన తిట్టలేదు.

పొడిగుడ్డతో తుడిచి, కాడ పైకి వచ్చేలా పట్టుకుని, "చెయ్యి ఇటివ్వు" అన్నారు.

హంజిరో చెయ్యి చాపాడు. నీలం ఇంకిన చెయ్యి, చెమటతో తడిసి ఉంది. సొగాన్ ఆ అరచేతిని తీసుకుని వట్టి ఇనుము మీద పెట్టారు. పైన తన చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నారు. హంజిరో ఉలిక్కిపడి వెనక్కి లాక్కోబోయాడు. ఆయన వదల్లేదు.

చాలాసేపటికి వదిలారు. ఇనుము మీద అరచెయ్యి అచ్చు తడితడిగా కనిపిస్తోంది. అలవాటైన ప్రాణం, హంజిరో చప్పున కాగితం తీశాడు తుడవడానికి. సొగాన్ ఆ కాగితం అతని చేతిలోంచి తీసుకుని, మడిచి, తన చొక్కా చేతి మడతలో దోపుకున్నారు.

తర్వాత పిడి తొడిగి, మేకు కొట్టి, కత్తిని ఒరలో పెట్టి గుడ్డ చుట్టారు. చుట్టి, దాన్ని హంజిరో వైపు జరిపారు.

హంజిరో ఆ మూట వైపు చూశాడు, ముట్టుకోలేదు. "ఇది మళ్ళీ ఎప్పటికి నల్లబడుతుంది గురువుగారూ?"

సొగాన్ మిగిలిన వేడినీళ్ళతో టీ కలిపి గిన్నె అతని ముందు పెట్టారు.

"నాకేం తెలుసు నాయనా. అప్పటికి నేనూ ఉండను, నువ్వూ ఉండవు. తాగు, చల్లారిపోతోంది."