పిలిస్తే వచ్చిన గుర్రం

"అయ్యవారూ, సింధూరం మింగితే గొంతు పోతుందంటారు. నిజమేనా?"

సిద్ధప్ప గురువును నాంచారి అడిగిన ప్రశ్న ఇది. అడిగిందనడం కూడా ఎక్కువే, గుసగుసలాడింది. కొండ దిగి యుద్ధానికి వెళ్లిన శిష్యురాలు ఆ ఉదయమే తిరిగొచ్చి ఆశ్రమం అరుగు మీద కూలబడింది. పిడికిట్లో చిన్న పొట్లం. ఆమె వెంట వచ్చిన గుర్రమొకటి, రాయి విసిరితే తగిలేంత దూరంలో ఎండలో నిలబడి ఉంది. యుద్ధం మనవాళ్లే గెలిచారన్న కబురు ఆమె కన్నా ముందే కొండెక్కింది. ఆమె వల్లే గెలిచారన్న కబురూ వచ్చింది. తీరా ఆ మొహం చూశాక ఏమని పలకరించాలో తోటి శిష్యులకు తోచక ఎవరి పనిలోకి వాళ్లు తప్పుకున్నారు.

"అలాగే అంటారు" అన్నాడు గురువు. "ఎవరికి పెడదామని?"

"నాకే."

నాంచారివాళ్లది పసులకాపరుల ఇల్లు. ఆ ఇంట్లో తరానికి ఒక్కరికి ఆ గొంతు వస్తుంది. పొద్దు వాలే వేళ కొండ అంచున నిలబడి ఒక్క కూత వేస్తే చాలు, తప్పిపోయిన దూడ కానీ, పులి వాసనకు బెదిరి చెదిరిపోయిన మంద కానీ, ఏ లోయలో ఉన్నా చెవులు నిక్కించి ఇంటిదారి పడుతుంది. వాళ్ల అవ్వ తరవాత అది నాంచారికి వచ్చింది. నేర్చుకుంటే వచ్చింది కాదు గనక, మరిచిపోదామన్నా పోయేది కాదు.

కింద పల్లెల్ని శత్రువుల రౌతులు తగలబెడుతున్న రోజుల్లో మన సైన్యాన్ని నడిపే దళవాయి స్వయంగా ఆ ఇంటికి వచ్చాడు. అవ్వ ఒప్పుకోలేదు. "పసుల్ని ఇంటికి పిలుచుకునే గొంతు తల్లీ అది" అంది. "ఇళ్లే కాలిపోతుంటే ఏ ఇంటికి పిలుస్తావే అవ్వా" అని నాంచారి ఎదురడిగింది. పదిహేడేళ్ల పిల్ల బయల్దేరడానికి అంతకన్నా ఏం కావాలి?

"వాళ్ల బలమంతా గుర్రాల్లోనే ఉంది బిడ్డా" అని దళవాయి దారిలో చెప్పాడు. "నువ్వు పిలువు, గుర్రాలు ఇటు వచ్చేస్తాయి. మీదున్నవాళ్లు కింద పడతారు, లేచి పారిపోతారు. చుక్క నెత్తురు పడదు. గుర్రాల్ని మన సాలల్లో కట్టేసుకుందాం."

ఆమె నమ్మింది. నమ్మి ఊరుకోలేదు, రాబోయే గుర్రాలకు మేత ఉండాలి కదా అని ముందురోజంతా సైనికుల చేత గడ్డి కోయించింది. వాళ్లూ సరదాగానే కోశారు. "యుద్ధమని తీసుకొచ్చి కొడవలి చేతికిస్తివి పిల్లా" అన్నాడొకడు. "ఎలాగూ పిలుస్తావుగా, మా మామ అలిగి మా చెల్లెలి పెళ్లికి రానంటున్నాడు, అతగాణ్ణి కూడా ఓ కేక వెయ్యి."

"మీ మామకు కాళ్లెన్ని అన్నా?" అందామె. గడ్డిమోపుల మధ్య అందరూ పడి పడి నవ్వారు.

తెల్లవారాక, అవతలి గట్టున రౌతులు బారులు తీరిన తరవాత, దళవాయి చెయ్యెత్తాడు. నాంచారి దిబ్బ మీద నిలబడి పిలిచింది.

ముందు ఒక గుర్రం చెవి తిరిగింది. ఆ వెంటనే అన్నీ కదిలాయి. అవి యుద్ధానికి దూకినట్టు రాలేదు, మేతవేళకు వచ్చినట్టు మెడలు చాచి వచ్చాయి. రౌతులు కళ్లేలు బిగలాగారు. నోళ్లు చీరుకుపోతున్నా ఆగలేదు. వాటిని చూసి నాంచారి నవ్వింది కూడా. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ముందు వరస కనబడకుండా పోయింది.

ఎటు పోయాయో ఆమెకు అర్థం కాలేదు. తరవాత చప్పుడు వినబడింది. తనకూ వాటికీ మధ్య, ఎవరూ తనకు చెప్పని కందకం ఉంది. కందకం నిండా మొనలు చెక్కిన గుంజలు. దాని మీద పచ్చగా, ఒత్తుగా, తను కోయించిన గడ్డి.

"వద్దు, రావద్దు, ఆగండి" అని అరిచింది. అరవకుండా ఉండవలసింది. ఆ గొంతులో ఏ మాట పలికినా పశువు చెవికి అది రమ్మనే. పొమ్మని చెప్పే కూత ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ కట్టలేదు. ఇంటికొచ్చే పశువును పొమ్మనే అవసరం ఎవరికి పడుతుంది? ఆమె అరిచినకొద్దీ అవి వచ్చాయి. దూరాన బెదిరి ఆగినవి కూడా ఆ అరుపుకి మళ్లి, పడినవాటిని తొక్కుకుంటూ వచ్చాయి. చివరికి పిడికెడు మట్టి తీసి నోట్లో కుక్కుకుంది. అప్పటికి వినవలసినవన్నీ వినేశాయి. గుంజకు గుచ్చుకున్న గుర్రమొకటి మెడ ఆమె వైపే ఎత్తి, మేత అడిగినట్టు సన్నగా సకిలించింది. వాటి కింద నలుగుతున్న రౌతులు అమ్మా అంటున్నారు. మన భాషలోనే.

దళవాయి వచ్చి ఆమె తల నిమిరాడు. "ఒక్క కత్తి దూయకుండా గెలిచాం. ఎండాకాలం వాళ్ల ఏనుగుల సంగతి చూద్దాం బిడ్డా."

"ఆ గడ్డి..." అంది నాంచారి.

"నువ్వే కదమ్మా కోయించావు" అన్నాడాయన. ఎగతాళికి కాదు, మెచ్చుకోలుగానే అన్నాడు.

కందకం నిండిపోయాక, కళేబరాల మీదుగా ఒక్క గుర్రం ఇవతలికి ఎక్కింది. అదే వెంటపడింది. పొమ్మనడం రాదు గనక దారి పొడుగునా రాళ్లు విసిరింది. విసిరితే ఆగేది, ఆమె నడిస్తే మళ్లీ నడిచేది.

ఇదంతా గుసగుసగా చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. తప్పు నీదనీ గురువు అనలేదు, దళవాయిదనీ అనలేదు. గుర్రం వైపు చూశాడు.

"దానికి నీళ్లు పెట్టావా?"

"దాని మొహం నేను చూడలేను, అయ్యవారూ."

"మొహం చూడమన్నానా? నీళ్లు పెట్టావా అంటున్నాను."

నాంచారి లేచి బావి దగ్గరికి వెళ్లింది. చేద లాగడానికి రెండు చేతులూ కావాలి, పొట్లాన్ని గట్టు మీద పెట్టింది. ఒలికిన నీళ్లకు అది తడిసి రాయి మీద ఎర్రగా కారింది. ఆ ఎరుపు చూసి ఆమె గబగబా బానలోకి నీళ్లు వంచింది. బాన ఎత్తుకుని తిరిగి చూడకుండా వచ్చేసింది.

గుర్రం ఆమెను దగ్గరికి రానిచ్చింది కానీ, బాన దించడానికి వంగగానే కుంటుకుంటూ దూరంగా పరిగెత్తింది. వంగితే రాయి తీస్తుందని దారిలో నేర్చుకుంది మరి. ఆమె మళ్లీ వెళ్లింది, మళ్లీ వంగింది, అది మళ్లీ పరిగెత్తింది. ఈసారి కొండవాలు దాకా పోయి, డొక్కలు ఎగరేస్తూ నిలబడింది.

"పిలువు" అన్నాడు గురువు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"పిలిస్తే వస్తుంది, అయ్యవారూ. నా భయమే అది."

"ఎండ ముదురుతోంది" అన్నాడాయన.

నాంచారి బానను నేల మీద వదిలి రెండడుగులు వెనక్కి వేసింది. చివరికి నోరు తెరిచింది. గొంతు బొంగురుపోయి, మధ్యలో విరిగింది. గుర్రం చెవులు నిక్కించింది. వణుకుతూనే, మేతవేళకు వచ్చినట్టే మెడ చాచి, వాలు దిగి వచ్చి బానలో మూతి పెట్టింది. చీరుకుపోయిన నోటి నుంచి నీళ్లలోకి సన్నని ఎర్రచార దిగింది. ఈసారి ఆమె మొహం తిప్పుకోలేదు.

"నన్ను మన్నించిందంటారా?"

"దానికి దాహం వేసింది" అన్నాడు గురువు.

గుర్రం తాగుతూ ఉంది.

"దళవాయి మళ్లీ వస్తాడు. ఏనుగుల కోసం." ఈ మాట నాంచారి గుసగుసగా అనలేదు. గుర్రం తల ఎత్తి ఆమె వైపు చూసింది.

"రానీ. ముందు వచ్చింది ఇది" అన్నాడు సిద్ధప్ప గురువు. "బాన ఖాళీ అయింది, చూడు."