రాళ్లగూడెం మధ్య గీసిన గీత

నల్లగుట్టల అడవిలో ముళ్లపందులు, నెమళ్లు, ఉడుములు, ఎలుగుబంట్లు, ఇంకా ఎన్నో జంతువులు కాపురం ఉండేవి. ఆ అడవిలో ఎగువ భాగం, దిగువ భాగం అని రెండు భాగాలు. ఒక్కో భాగం తరఫున ఒక్కో ప్రతినిధిని జంతువులే ఓట్లు వేసి ఎన్నుకునేవి. ఆ ప్రతినిధి సింహం కొలువుకు వెళ్లి తన వాళ్లకు కావలసినవి అడిగి తెచ్చేది.

పదేళ్లకోసారి గజమ్మ అనే ముసలి ఏనుగు అడవిలో తలలు లెక్కపెట్టేది. రెండు భాగాల్లోనూ ఓట్లు సమానంగా ఉండేలా సరిహద్దును సరిచేసేది.

ఎగువ భాగంలో రాళ్లగూడెం అనే చోట అరవై ముళ్లపందులు ఉండేవి. వాటిలో సూదమ్మ ఒకతి. పెద్దగా మాట్లాడేది కాదు గానీ, ఏ సంగతి విన్నా దాని ముందూ వెనకా ఆలోచించేది. గూడెం పక్కనే ఒక చెలమ ఉంది. ఏటా ఎండలు ముదరకముందే ఎగువ ప్రతినిధి అయిన ఎలుగుబంటి అడవిపందులను పంపి అందులో పూడిక తీయించేది. అరవై ఓట్ల గూడెం వచ్చి అడిగితే ఏ ప్రతినిధి కాదంటుంది?

ఆ ఏడు లెక్కల్లో ఎగువ భాగంలో జంతువులు బాగా పెరిగినట్టు తేలింది. అరవై తలలను దిగువ భాగానికి మార్చాలి. గజమ్మ కొత్త సరిహద్దు ముసాయిదా తయారుచేసింది. ఒక లకుముకిపిట్ట గూడెం గూడానికీ తిరిగి దాన్ని చదివి వినిపించింది. అభ్యంతరాలు ఉంటే పదిహేను రోజుల్లోగా చెప్పుకోవాలని కూడా చెప్పింది.

కొత్త గీత సరిగ్గా రాళ్లగూడెం మధ్యగా పోయింది. సూదమ్మ బొరియ ఎగువ భాగంలో మిగిలింది. నాలుగడుగుల అవతల ఉన్న ఆమె చెల్లెలు గురవమ్మ బొరియ దిగువ భాగంలోకి వెళ్లింది. ముప్పై ముళ్లపందులు ఇటు, ముప్పై అటు.

గూడెంలో చాలామంది దీన్ని పట్టించుకోలేదు. గీత గీసినంత మాత్రాన బొరియలు కదలవు కదా అనుకుని ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. సూదమ్మకు మాత్రం మనసు కుదుటపడలేదు. చెలమ గీతకు అవతల పడింది. వచ్చే ఏడు పూడిక తీయమని ఎవరిని అడగాలి? చెలమ నా భాగంలో లేదని ఎలుగుబంటి తప్పుకుంటుంది. ఎక్కడో అంచున ఉన్న ముప్పై ఓట్ల కోసం దిగువ ప్రతినిధి అంత దూరం రాదు. ఈ మాటే ఆమె బొరియ బొరియకూ వెళ్లి చెప్పింది. అప్పుడు కొందరికి విషయం బోధపడింది.

పక్కనే పాలగుట్ట మీద నలభై నెమళ్ల మంద ఉంది. కొత్త గీత వాటినీ చీల్చింది. ముప్పై దిగువకు, పది ఎగువకు. ఆ మందకు పెద్ద పించయ్య. రాబోయే ఎన్నికల్లో ఎగువ ప్రతినిధిగా పోటీ చేయాలని చాలాకాలంగా అనుకుంటున్నాడు. సూదమ్మ అతని దగ్గరికి వెళ్లి, ఇద్దరం కలిసి గజమ్మతో మాట్లాడదామని అడిగింది.

పించయ్య పింఛం సర్దుకున్నాడు. "ఒక ముసలి ఏనుగు ముందు నేను చేతులు కట్టుకుని నిలబడాలా? నా మంద ఎక్కడున్నా నాదే. నువ్వు వెళ్లిరా సూదమ్మా" అన్నాడు.

సూదమ్మ చెల్లెలిని వెంటబెట్టుకుని గజమ్మ దగ్గరికి వెళ్లింది. గూడెం రెండు ముక్కలైతే తమ మాట ఎవరి చెవికీ ఎక్కదని, చెలమ ఎండిపోతుందని వివరంగా చెప్పింది. గజమ్మ అంతా ఓపిగ్గా విన్నది.

"నీ బాధ నిజమే తల్లీ. కానీ లెక్క కుదరాలి కదా. మీ ముప్పై మందిని ఎగువలోనే ఉంచితే, వాళ్ల బదులు ఎవరిని దిగువకు పంపమంటావు?" అని అడిగింది.

అక్కాచెల్లెళ్లు ఇంటిదారి పట్టారు. తమ కష్టం తీరాలంటే మరొకరిని కష్టంలోకి తోయాలా అని సూదమ్మ మథనపడింది.

మరునాటి నుంచి ఆమె సరిహద్దు వెంబడి నడవడం మొదలుపెట్టింది. దారిలో కనిపించిన ప్రతి గుంపునూ పలకరించి, మీకు ఏ భాగం అనుకూలమని అడిగింది. కుందేళ్లు తాము మారబోమన్నాయి. ముంగిసలు కూడా ఒప్పుకోలేదు. ఆరు రోజుల తిరుగుడుకు ఆమె కాళ్లు వాచాయి. ఏడో రోజున కొండ అవతలి వాలులో ఉడుముల గుంపు కనిపించింది. అవి తాగేది దిగువ వాగు నీళ్లు. మేత కోసం తిరిగేది దిగువ అడవిలో. పేరుకు మాత్రం ఎగువ భాగం. ఓటు వేయాలంటే పూటంతా కొండెక్కి రావాలి. అందుకని సగం ఉడుములు ఓటే వేసేవి కావు.

"మరి మమ్మల్ని దిగువలో కలపమని ఎప్పుడూ అడగలేదా తాతా?" అంది సూదమ్మ.

"మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. మేమూ నోరు తెరిచి చెప్పలేదు" అన్నాడు ఉడుము పెద్ద.

ఆ గుంపులో ముప్పై ఒక్క ఉడుములు ఉన్నాయి. పదమూడో రోజున ఆ పెద్దను తీసుకుని సూదమ్మ మళ్లీ గజమ్మ దగ్గరికి వెళ్లింది. గజమ్మ స్వయంగా కొండ దిగి వాగు చూసింది, దారి చూసింది. ఒక్క తల తేడాతో ఇబ్బంది లేదంది. ముళ్లపందులన్నిటినీ ఎగువలోనే ఉంచి, ఉడుములను దిగువలో కలిపింది. పదిహేనో రోజు సాయంత్రం సరిహద్దు ఖాయమైంది.

ఎన్నికలు వచ్చాయి. ఎగువ భాగంలో ఎలుగుబంటి మీద పించయ్య పోటీకి దిగాడు. ఓట్లు వేసే రోజు తన మంద కోసం మెడ చాచి చూశాడు. వచ్చినవి తొమ్మిదే. మిగతా ముప్పై నెమళ్లు దిగువ భాగం వరుసలో నిలబడి, తమకు పరిచయం కూడా లేని ఒక కొంగకు ఓటు వేస్తున్నాయి. పించయ్య పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు.

అతను పరుగున గజమ్మ దగ్గరికి వెళ్లి, గీత మార్చమని బతిమాలాడు.

"గడువు దాటిపోయింది నాయనా. మళ్లీ లెక్క పదేళ్లకే" అంది గజమ్మ.

వేసవి రాకముందే ఎలుగుబంటి పంపిన అడవిపందులు వచ్చి రాళ్లగూడెం చెలమలో పూడిక తీశాయి. అక్కాచెల్లెళ్లు ఒకే గట్టున నిలబడి నీళ్లు తాగారు. పాలగుట్ట మీది నీటిగుంట మాత్రం ఆ ఏడు ఎండిపోయింది. పది ఓట్ల మాట ఎగువలో ఎవరూ వినలేదు, ముప్పై ఓట్ల మాట దిగువలో ఎవరికీ వినపడలేదు.

నీతి: మన గురించి నిర్ణయం జరుగుతున్నప్పుడే, గడువు ఉండగానే, తగిన ఆధారంతో వెళ్లి మాట్లాడాలి. గర్వంతో ఊరుకున్నవాడు తన బలాన్ని తానే పోగొట్టుకుంటాడు.