పొంగు ఎత్తుకెళ్లిన మాయావి

పిల్లలూ, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో కుంభగిరి అనే రాజ్యం ఉండేది. దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి అంటే ఇష్టం. రెండోవాడికి గుర్రం అంటే ఇష్టం. మూడోవాడు ఉదయపాలుడు. వాడికి మాత్రం వంటసాల అంటే ఇష్టం.

ఆ రాజ్యంలో వసంతోత్సవం వస్తోందంటే ఇంటింటా పొంగు పానకం పెట్టేవారు. కుండలో బెల్లం నీళ్లు పోసి, అల్లం దంచి వేసి, మిరియాలూ ఏలకులూ దాల్చినచెక్కా చేర్చి, మూతికి పలచటి గుడ్డ కట్టి మూడు రోజులు వదిలేసేవారు. మూడో రోజుకు కుండ బుసబుసమని నురగ కక్కేది. తాగితే నాలుక చురుక్కుమనేది, ప్రాణం లేచొచ్చేది.

ఒక ఏడు, పండుగకు రెండు రోజుల ముందు, ఏడు సముద్రాల అవతలి దీవిలో ఉండే శోషకుడనే మాయావి ఆకాశం నుంచి రాజవీధిలో దిగాడు. ఒక కుండ ఎత్తి గటగటా తాగి, తూ అని ఉమ్మేశాడు.

"ఇదేనా మీ పానకం? వట్టి తీపి నీళ్లు!"

"నిన్ననే పెట్టాం స్వామీ. ఇంకో రెండు రోజులు ఆగండి" అన్నారు ఆడవాళ్లు.

"నన్నే ఆగమంటారా!" అని వాడు కళ్లెర్రజేసి, మంత్రం చదివి, రాజ్యంలో ఉన్న పొంగునంతా ఒక సొరకాయ బుర్రలోకి పీల్చుకుని మాయమైపోయాడు.

ఇంకేముంది! కుండలు మూగబోయాయి. రుబ్బిన పిండి పులవలేదు. పాలు తోడుకోలేదు. పెరుగన్నం తప్ప మరేదీ సయించని ముసలి రాజు నానాటికీ చిక్కి మంచం పట్టాడు.

పెద్దవాడు కత్తి దూసి వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు గుర్రమెక్కి వెళ్లాడు, తిరిగి రాలేదు. అప్పుడు ఉదయపాలుడు బెల్లం, అల్లం, సుగంధ దినుసులు మూటగట్టి, ఒక చిన్న జాడీ చంకన పెట్టుకుని బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. ఉదయపాలుడు దాన్ని తిరగేసి నిలబెట్టాడు.

"చల్లగా ఉండు బాబూ! ఎక్కడికి పోవాలి?"

"ఏడు సముద్రాల అవతల మాయావి దీవికి."

"అయితే ఎక్కు."

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. ఏడూ దాటి మాయావి దీవి చేరారు. అక్కడ తోటలో రెండు రాతిబొమ్మలు. దగ్గరికెళ్లి చూస్తే, ఇద్దరన్నలూ! ఉదయపాలుడు పెద్దన్న రాతిచేయి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

మొక్కలకు నీళ్లు పోస్తున్న ఒక అమ్మాయి పరుగున వచ్చింది. ఆమె కర్పూరవల్లి, మాయావి ఎత్తుకొచ్చిన రాజకుమార్తె.

"మీరు మాత్రం కత్తి దూయకండి! వాడి ప్రాణం చిలకలో ఉంది. చిలక ఆ గుహలో ఉంది. గుహకు రాతి తలుపు. మూడేళ్లుగా వెతుకుతున్నాను, తలుపులో ఒక చీలిక తప్ప దారే లేదు."

"చీలికలో ఈ జాడీ పడుతుందా?"

"పడుతుంది. జాడీతో ఏం చేస్తారు?"

"చిన్నప్పుడు పొంగు పానకానికి మూత బిగించి, వంటసాల గోడకు బెజ్జం పెట్టాను లెండి. కానీ ఇప్పుడు పొంగు ఎక్కడిది?"

ఆమె నీళ్ల కడవలో ఒక తేనెటీగ మునిగిపోతోంది. ఉదయపాలుడు దాన్ని ఆకుతో పైకి తీశాడు. అది రెక్కలు విదిల్చుకుని, "వాడి మంత్రం మీ రాజ్యం వరకే! ఈ నేరేడు పళ్ల మీద బూడిదలాంటి పొర చూశావా? పొంగు అందులో ఉంది. కడగకుండా వేయి. జాడీ మూతకు మైనం నేనిస్తాను" అంది.

ఇద్దరూ కూర్చుని అల్లం దంచారు, బెల్లం కరిగించారు. ఒక కుండకు పలచటి గుడ్డ కట్టారు. జాడీకి మాత్రం మూత బిగించి, మైనం పూసి, రాతి చీలికలో దిగ్గొట్టారు. అంతలో మాయావి రానే వచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?"

"పానకం పెట్టేవాణ్ణి. మూడు రోజులు ఆగితే అసలైన పొంగు పానకం తాగిస్తాను."

మాయావికి నోరూరింది. "పొంగకపోయిందా, నువ్వు మూడో బొమ్మవి!"

మొదటి రోజు "అయిందా?" అన్నాడు. "లేదు" అన్నాడు ఉదయపాలుడు. రెండో రోజు "అయిందా?" అన్నాడు. "లేదు." మూడో రోజు వాడు నోరు తెరవబోతుండగా ఢామ్మని జాడీ పేలింది! రాతి తలుపు రెండు చెక్కలైంది. చిలక ఎగిరొచ్చి ఉదయపాలుడి భుజాన వాలింది.

మాయావి చేతులు జోడించాడు. "చంపకు! ఏం కావాలన్నా ఇస్తాను!"

"మా పొంగు, మా అన్నలు."

వాడు బుర్ర మూత తీశాడు. పొంగు గాలిలా కుంభగిరి వైపు సాగిపోయింది. రాతిబొమ్మలు కళ్లు నులుముకుంటూ మనుషులయ్యాయి.

"నన్ను వదిలెయ్యి నాయనా, చీకట్లో ఉండి ఉండి విసిగిపోయాను" అంది చిలక. ఉదయపాలుడు ఎగరేశాడు. దానితో పాటే మాయలన్నీ ఎగిరిపోయి, శోషకుడు బక్కచిక్కిన ముసలివాడై మిగిలాడు. ఉదయపాలుడికి జాలేసి, కుండ విప్పి గిన్నెడు పానకం చేతిలో పెట్టాడు.

ముసలివాడు ఒక గుక్క తాగాడు. కళ్లమ్మట నీళ్లు కారాయి. "ఇన్నేళ్లూ ఈ రుచి నాకెందుకు దొరకలేదు?"

"నువ్వెప్పుడూ ముందే మూత తీశావు తాతా."

అందరూ కుంభగిరి చేరారు. రాజు పెరుగన్నం తిని లేచి కూర్చున్నాడు. కర్పూరవల్లి తల్లిదండ్రుల్ని పిలిపించి, ఆకాశమంత పందిరి వేసి, ఉదయపాలుడికీ ఆమెకూ పెళ్లి చేశాడు. అన్నలే తమ్ముణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు.

వాళ్లిద్దరూ అరవై ఏళ్లు చల్లగా ఏలారు. ఏటా పండుగకు పానకం తామే పెట్టేవారు. ఏటా ఆమె మిరియాలు చాలవనేది, ఆయన ఎక్కువయ్యాయనేవాడు. ఊరంతా గిన్నెలు పట్టుకొచ్చి, రుచి చూసి, ఓ ఏడు ఆమె పక్షం, ఓ ఏడు ఆయన పక్షం తీర్పు చెప్పి, నవ్వుకుంటూ ఇళ్లకు పోయేవారు.