చౌటినేల మీద మూడు పగళ్లు

పూర్వం కుముద్వతీ నదికి ఉత్తర తీరాన, సుగంధపురమనే పట్టణాన్ని రాజధానిగా చేసుకొని, శత్రుగజసింహుడని బిరుదు పొందిన జవనకేతుడనే మహారాజు ప్రజలను కన్నబిడ్డల్లా పాలిస్తుండేవాడు. అస్త్రవిద్యలో, దానంలో, ధర్మనిర్ణయంలో ఆయనకు సాటి రాగలవారు ఆ కాలంలో లేరు. లేనిదల్లా ఒక్క ఓపిక. అన్నం ఉడికేదాకా ఆగడు, దూత మాట ముగించేదాకా ఆగడు, వేటకు వెళితే మృగం పొద దాటి బయటికి వచ్చేదాకా ఆగడు. వేటగాడిగా ఆయనకు దొరికిన మృగాలకంటే బెదిరి పారిపోయినవే ఎక్కువని పరివారం చాటున నవ్వుకునేది.

ఆ మహారాజు పట్టమహిషి, సాధ్వీమణి రోచనాదేవి, పెళ్లయిన పదహారేళ్లకు గర్భవతి అయింది. ఎనిమిదో నెలలో ఆమెకు సుఖప్రసవం కోరి, రాజు కుశస్తంబ మహర్షి ఆశ్రమానికి వెళ్లాడు. ఆ తపోధనుడు మాధ్యాహ్నిక జపంలో ఉన్నాడు. కొంచెంసేపు కూర్చోండని శిష్యులు దర్భాసనం వేసినా కూర్చోక, అటూ ఇటూ పచార్లు చేసి, గొంతు సవరించి, రెండుసార్లు పిలిచి, ముని పలకకపోయేసరికి, ఇంకా నివేదన కాని పళ్లెంలోంచి తానే ఒక పండు తీసుకొని, ప్రసాదం దక్కింది, వచ్చిన పని అయిపోయిందనుకొని రథమెక్కాడు. చూశారా ఆ మహానుభావుడి తొందర! దేవుడికంటే ముందు తానే ఆరగించబోయాడు.

జపం ముగించి కన్నులు తెరిచిన మహర్షి, ఒక పండు తగ్గిన పళ్లెం వంక చూసి, రథం వెనక్కి తిప్పించి, రాజును ఎదుట నిలబెట్టాడు.

"రాజా, పండు ఎప్పుడు పండాలో చెట్టుకు తెలుసు. ఎప్పుడు రాలాలో గాలికి తెలుసు. వేచి ఉండడం మాత్రం నీకు తెలియదు. అది నీవు నేర్చేదాకా నీ ఇంట పుట్టవలసినది పుట్టకుండుగాక" అని కమండలంలోని నీళ్లు చేతిలోకి తీసుకొని శపించాడు.

తొమ్మిది నెలలు నిండాయి. పది దాటాయి, పన్నెండు దాటాయి. పద్నాలుగో నెల వచ్చేసరికి రోచనాదేవి పడుకోలేదు, కూర్చోలేదు, ఇంత గంజి గొంతు దిగడం లేదు. మరో నాలుగు రోజులు ఇలాగే గడిస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరని మంత్రసానులు చెప్పేశారు. ఆ మాట విన్న జవనకేతుడు కిరీటం తీసి పక్కన పెట్టి, పాదచారియై వెళ్లి మహర్షి పాదాల మీద పడి బావురుమన్నాడు. కరుణాసముద్రుడైన ఆ ముని రాజును లేవనెత్తి శాపానికి విడుపు చెప్పాడు. ప్రసవవేళ శిశువును ఈ లోకంలోకి తోసేది ప్రసూతి మారుతం. దానికి అధిపతి, జగత్ప్రాణుడైన వాయుదేవుడు. ఆయన వాహనమైన జింక నది ఆవలి అడవిలో ఉన్న చౌటినేలకు రోజూ పగటిపూట ఏదో ఒక గడియలో వచ్చి ఉప్పుమట్టి నాకి పోతుంది. అది తనంతట తాను వచ్చి, తనంతట తాను మరలిపోయేదాకా బెదరగొట్టకుండా వేచి చూసినవాడికి ఆ దేవుడు ప్రసన్నుడవుతాడు. ప్రయత్నానికి గడువు మూడు పగళ్లు.

రాజు అడవికి బయలుదేరుతూ, రాణికి ప్రాణం మీదికి వస్తే కోట బురుజు మీద మూడుసార్లు శంఖం ఊదమని మంత్రికి చెప్పి వెళ్లాడు.

ఆ చౌటినేల పక్కన మద్దిచెట్టు కొమ్మల్లో ఒక మంచె ఉంది. అది సింగిలి అనే ముసలి కిరాతస్త్రీది. చిన్ననాటి నుంచి ఆ మంచె మీద వేటకు కూర్చుని తల నెరిసిన మనిషి ఆమె. రాజు అడగగానే మంచె ఇచ్చి, పరుచుకోవడానికి గొంగడి కూడా ఇవ్వబోయింది. రాజు వద్దన్నాడు. దేవుడి కోసం చేసే నిరీక్షణ తపస్సే కదా, తపస్సులో సుఖమేమిటని ఆయన ఆలోచన. పై వస్త్రం తీసేసి, మంచులో, వట్టి కర్రల మీద పద్మాసనం వేసి, మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నాడు. జాము పొద్దెక్కేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. నడుము నిప్పులా మండింది. మిట్టమధ్యాహ్నం చెట్ల సందున జింక కనిపించిందో లేదో, పిక్క పట్టేసి రాజు కాలు చాచాడు, కర్ర కిర్రుమంది, జింక మాయమైంది.

రెండో రోజు పంతం పెరిగింది. కదిలేది కాళ్లే కదా అని వాటిని తాడుతో మంచెకు కట్టేసుకున్నాడు. ఎండ నెత్తికెక్కింది, ఆకలికి కళ్లు తిరిగాయి. జింక చౌటినేల అంచుకు వచ్చిన క్షణాన సొమ్మసిల్లి పక్కకు ఒరిగి, ఒక కాలి కట్టు జారిపోగా, భూమండలాన్ని ఏలే ఆ సార్వభౌముడు ఒంటికాలి మీద తలకిందులుగా వేలాడాడు. జింక ఒకసారి తలెత్తి ఆ వింత చూసి, చెంగున దూకి వెళ్లిపోయింది.

సింగిలి వచ్చి తాడు విప్పి దించి, నీళ్లు తాగించింది.

"దొరా, జింక కోసం కూసున్నావా, నీ ఒంటి మీద పగ తీర్చుకుంటన్నావా?" అని అడిగింది.

"తపస్సు చేస్తున్నానవ్వా" అన్నాడు రాజు, తల వంచుకొని.

"తపస్సు సంగతి నాకు తెల్దు. ఏడ్చే ఒంటితో కూసున్నోడు జింక కోసం ఎదురుసూడడు దొరా. పొద్దెప్పుడు గూకుద్దా అని ఎదురుసూత్తాడు."

ఆ మాట రాజుకు బాణంలా తగిలింది. నిజమే, రెండు పగళ్లలో తాను జింకను తలచిన క్షణాలకంటే సూర్యుడి వంక చూసిన క్షణాలే ఎక్కువ. ఎన్నో యుద్ధాలు గెలిచిన ఆ వీరుడు ముసలమ్మకు చేతులు జోడించి, నేర్పమని వేడుకున్నాడు.

మూడో రోజు తెల్లవారుతుండగా ఆమె చెప్పినట్టే చేశాడు. గలగలలాడే ఆభరణాలన్నీ తీసేశాడు. గొంగడిని నాలుగు మడతలు పెట్టి కింద వేసుకొని, గడ్డిమోపు మానుకు ఆనించి దానికి వీపు చేర్చి, పాదాలు కింది కర్ర మీద మోపి కూర్చున్నాడు. ఒడిలో నానబెట్టిన అటుకులు, ఎందుకంటే వేయించిన గింజలు నమిలితే చప్పుడవుతుంది. పక్కన సొరబుర్రలో నీళ్లు, గుక్కెడు గుక్కెడుగా తాగడానికి. గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి ఎదుట కొమ్మకు ఒక ఈక. మెడ తిప్పకుండా కళ్లే తిప్పాలని, కాళ్లు పట్టేయకముందే చప్పుడు కాకుండా కాలివేళ్లు కదిలించుకుంటూ ఉండాలని, ఒక్కో చెట్టునూ తీరిగ్గా పరిచయం చేసుకోవాలని ఆమె చెప్పిన మాటలన్నీ పాటించాడు. ఆశ్చర్యం! ఒళ్లు ఊరుకునేసరికి మనసూ ఊరుకుంది. చీమలు బారులు తీరడం, నీడలు పొట్టివై మళ్లీ పొడుగవడం, వడ్రంగిపిట్ట ఒకే మానుకు మూడుసార్లు రావడం ఆయన పుట్టాక మొదటిసారి చూశాడు. ఇన్నేళ్లూ ఈ లోకం ఇలా ఉందని తెలియకుండా బతికానే అని ఆయనకు కళ్లు చెమర్చాయి.

సూర్యుడు పడమటి కొండకు బారెడు ఎత్తున ఉండగా కొమ్మకు కట్టిన ఈక నిలిచిపోయింది. ఆకు కదలడం మానింది. చెట్ల నడుమ నుంచి నల్లని వీపుతో, మెలితిరిగిన కొమ్ములతో, అడుగు వేసిన చోట గడ్డి వంగకుండా ఆ దివ్యమృగం నడిచి వచ్చింది. సరిగ్గా మంచె కింద తల వంచి మట్టి నాకసాగింది.

అప్పుడు కోట బురుజు మీద శంఖం మోగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

వెనకటి జవనకేతుడైతే ఆ పాటికి నేల మీద ఉండేవాడు. దూకితే జింక పోతుంది, జింక పోతే రోచన పోతుంది. దూకకుంటే, ఆమె చివరి చూపైనా దక్కదేమో. కన్నీళ్లు బుగ్గల మీద కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు. వీపును గడ్డిమోపుకు మరికొంచెం ఆనించి, ఊపిరిని మెల్లగా వదిలి, మెల్లగా తీసుకున్నాడు. జింక తీరిగ్గా నాకింది. నాకి నాకి, అక్కడే మోకాళ్లు మడిచి పడుకొని నెమరు వేయసాగింది. రాజు కూర్చునే ఉన్నాడు. కొంతసేపటికి దాని ఊపిరీ తన ఊపిరీ ఒక్కసారే లేచి ఒక్కసారే అణగుతున్నాయని ఆయనకు తెలిసింది. సూర్యబింబం కొండ అంచును తాకగా అది లేచి, ఒళ్లు విదిలించి, వచ్చిన దారినే నడిచి వెళ్లింది.

అది చెట్లలో కలిసిన చోట అడవి అంతా ఒక్కసారి నిట్టూర్చినట్టు గాలి లేచింది. ఆ గాలి నడుమ ధూమ్రవర్ణుడు, ధ్వజహస్తుడు, సర్వభూతాల హృదయాల్లో సంచరించే వాయుదేవుడు సాక్షాత్కరించాడు. ఒళ్లు గగుర్పొడిచి రాజు మంచె మీదే సాష్టాంగపడ్డాడు.

"వత్సా, నన్ను రథాలతో తరిమినవారున్నారు, మంత్రాలతో కట్టినవారున్నారు. నా జింక నెమరు వేసేంత సేపు నాతో కలిసి ఊపిరి పీల్చినవాడివి నీవొక్కడివే. ఆ శంఖం మోగినప్పుడే నీ ఇంట ప్రసూతి మారుతం కదిలింది. నీవు దూకి ఉంటే అది ఆగిపోయేది. శాపం తీరింది, వెళ్లు" అని ఆ దేవుడు అభయమిచ్చి అంతర్ధానమయ్యాడు.

రాజు సింగిలికి మొక్కి, నది దాటి, దీపాలు పెట్టే వేళకు అంతఃపురం చేరాడు. ప్రసూతిగది గుమ్మంలో మంత్రసాని అడ్డు నిలిచింది.

"ఆడపిల్ల, మహారాజా. ఇద్దరూ క్షేమం. పద్నాలుగు నెలల తర్వాత అమ్మగారికి ఇప్పుడే కన్ను మూతపడింది. తమరు కాస్త ఆగాలి."

పరివారం ఊపిరి బిగబట్టి చూసింది. రాజు ఉత్తరీయాన్ని నాలుగు మడతలు పెట్టి గుమ్మం పక్కన వేసుకొని, స్తంభానికి వీపు ఆనించి, కాళ్లు హాయిగా చాపుకొని కూర్చున్నాడు.

"పడుకోనివ్వండమ్మా, నేనిక్కడే ఉంటాను" అన్నాడు.

ఎక్కడినుంచో చల్లని గాలి వచ్చి ఆయన నుదుటి చెమట ఆర్చింది. కానుపు గది బయట కూర్చొని ఈ కథ తలచుకునేవారికి ఆ గాలి నేటికీ తగులుతుందని, లోపల తల్లికీ బిడ్డకూ మేలు జరుగుతుందని పెద్దల మాట.