గుల్లలరేవు వెచ్చమ్మ: పక్కన ఆనించే రెండు వేళ్ళు

గుల్లలరేవులో ఏరు సముద్రంలో కలిసే చోట, మొగలి పొదల నడుమ వెచ్చమ్మ తల్లి గుడి ఉన్నది. మూరెడు నల్లరాయే అమ్మవారు. ఆ రాతి మీద రెండు వేళ్ళు ఆనించినట్టు రెండు గుంటలు కనిపిస్తాయి. ఇక్కడ కర్పూర హారతి లేదు. ఎండిన మాచిపత్రిని అరచేతుల్లో నలిపి దూదిలా చేసి, చిక్కుడు గింజంత ముద్ద కట్టి, పలుచగా కోసిన పచ్చి అల్లం బిళ్ళ మీద నిలిపి వెలిగిస్తారు. ఆ బిళ్ళను నొప్పి ఉన్న చోట పెట్టుకొని సెగ తీసుకోవడమే ఇక్కడి సేవ.

పూర్వం ఇక్కడ పోలమ్మ అనే జాలరి స్త్రీ వాతలు పెట్టేది. పశువుకైనా మనిషికైనా ఇనుప కడ్డీ ఎర్రగా కాల్చి ఆమే చురక వేయాలి. రోగి కేక పెడితే వాత పట్టినట్టు, అప్పుడే కడ్డీ తీయాలి. అది ఆమెకు కన్నతల్లి నేర్పిన పాఠం. పోలమ్మ పేరు చెబితే పిల్లలు మారుమాట లేకుండా అన్నం తినేవారట.

ఒక ఏడు ఆమె భర్త ఎర్రన్నకు జ్వరం వచ్చి తగ్గింది గాని, కుడికాలు మోకాలి నుండి మొద్దుబారింది. కాలు నిలవనివాడు తెప్ప ఎక్కలేడు. పోలమ్మ కడ్డీ కాల్చి పిక్క మీద ఆనించి కేక కోసం చూసింది. అతడు కేక వేయలేదు. మంకుతనం అనుకొని ఇంకాస్త అదిమింది. మాడిన వాసన వచ్చాక గాని, అతనికి నొప్పే తెలియడం లేదని ఆమెకు తట్టలేదు. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆమె కడ్డీని, ఏరు సముద్రంలో కలిసే మొగలో విసిరేసి, ఎవరు పిలిచినా వెళ్ళడం మానుకున్నది. ఆ బాధ చేసిన చేతికే తెలుస్తుంది.

ఆ రోజుల్లో చీనా దేశపు ఓడ ఒకటి తెరచాప చిరిగి రేవుకు చేరింది. అందులోని లిన్ అనే ముసలి వైద్యుణ్ణి, నోరు తిరగక, ఊరివారు లింగయ్యతాత అన్నారు. ఆ పేరుకు ఆయన పలికాడు కూడా. పోలమ్మ పూలమడిలో మాచిపత్రిని చూసి ఆయన ముఖం విప్పారింది. వినాయకుడి పత్రిగానే మనవారికి తెలిసిన ఆ ఆకును ఆయన ఎండబెట్టి, నలిపి, అల్లం బిళ్ళ మీద పెట్టి, ఎర్రన్న మోకాలి కింద వెలిగించబోయాడు. పోలమ్మ అడ్డం నిలిచింది.

"మా మావకి నొప్పి తెలీదు తాతా, కేకెయ్యడు. ఎప్పుడు తియ్యాలో నీకెలాగ తెలుస్తాది?"

లిన్‌కు ఆ మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో చెప్పలేము. ఆయన బిళ్ళ పెట్టి, తన చూపుడు వేలినీ నడిమి వేలినీ దానికి అటూ ఇటూ, ఎర్రన్న చర్మం మీద ఆనించి కూర్చున్నాడు. సెగ తన వేళ్ళకు చురుక్కుమనగానే బిళ్ళ తీసేశాడు. పోలమ్మ ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. ఆమె తల్లి గాని, ఆ తల్లి తల్లి గాని ఎన్నడూ తమ చెయ్యి అక్కడ పెట్టలేదు.

ఓడ బాగుపడి వెళ్ళిపోయింది. పోలమ్మ తానే రోజూ సెగ పెట్టసాగింది. ఆమె వేళ్ళు నల్లబడ్డాయి, కాయలు కాచాయి, ఎర్రన్న కాలు మాత్రం ఉలకలేదు. వానలు వెనకబట్టిన ఒక ఉదయం, గట్టిపడిన ఆమె వేళ్ళకు సెగ తెలియకముందే కాలు చప్పున వెనక్కి జరిగింది.

"తియ్యే పోలీ, కాలతంది," అన్నాడు ఎర్రన్న.

పోలమ్మ ఆ కాలు ఒళ్ళోకి తీసుకొని ఏడ్చింది. ఏనాడో వినవలసిన కేక అది.

ఆ మధ్యాహ్నం కునుకులో అమ్మవారు కనిపించి, నీవు ఇనుము పారేసిన చోటే ఉన్నాను, పైకి తీయించు అన్నదట. వల వేస్తే కడ్డీ రాలేదు, ఈ రాయి వచ్చింది. రాతి గుంటల్లో పోలమ్మ వేళ్ళు సరిగ్గా కుదిరాయని పెద్దలు చెబుతారు. ఎర్రన్న చేతికర్రతో నడిచాడు. మళ్ళీ తెప్ప ఎక్కాడని కొందరంటారు గాని, అంత మాట మేము అనలేము.

నేటికీ ఈ గుడిలోకి ఇనుము తేరాదు. డాక్టరు మందులు మానుకోమని అమ్మ ఎన్నడూ చెప్పలేదు. అయితే సెగ ఎవరికి వారు పెట్టుకోకూడదు; మరొకరు పక్కన వేళ్ళు ఆనించాలి. అత్తకు కోడలు, కోడలికి అత్త వేళ్ళు పెట్టి వెళ్ళిన ఇళ్ళలో కొన్నాళ్ళు గొంతులు లేవవని ఇక్కడ ఒక వేడుక మాట. ఒంటరిగా వచ్చినవారు వెనుదిరగనక్కరలేదు. మండపంలో కూర్చుని అడగండి. ముక్కూమొహం తెలియనివారే వచ్చి, మీ చర్మం పక్కన తమ వేళ్ళు పెడతారు.