గోడలో స్వామి వేలు

ఓబులేసుకు చేతులు ఊరుకోవు. నోరు అంతకంటే ఊరుకోదు.

ప్రొద్దుటూరులో అతనికో బట్టలంగడి ఉంది. అంగడి మూసి ఇంటికొచ్చాడంటే ఏదో ఒకటి విప్పాల్సిందే. వానాకాలంలో వీధి తలుపు బిగుసుకుంటోందని చిత్రిక పట్టాడు. చెక్క తడికి ఉబ్బింది, ఎండలొస్తే అదే సర్దుకుంటుంది అని భార్య రమణమ్మ చెబుతూనే ఉంది. వింటేగా! ఇప్పుడు ఎండాకాలంలో ఆ తలుపు సందులోంచి పిల్లి కాలు పెట్టి చూస్తోంది. వంటింట్లో అతను బిగించిన అలమర ఉప్పుడబ్బాతో సహా కిందికొచ్చింది. ఫోనులో వీడియోలు చూసే నేర్చుకుంటాడు. కాకపోతే మొదలూ చివరా చూస్తాడు. మధ్యలో చెప్పేవన్నీ చూసే ఓపిక ఎక్కడిది?

అలాంటివాడు ఒక సాయంత్రం దస్తగిరి స్వామి వసారాలో కూర్చుని, కుదురుగా కూర్చోలేక, మోకాళ్ళు మార్చి మార్చి కదులుతున్నాడు. ఈ స్వామికి కాషాయం లేదు, మఠం లేదు. తెల్ల పంచె కట్టుకుని సొంతింట్లోనే ఉంటూ, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకు నాలుగు మాటలు చెబుతాడు. ఒక్కోసారి ఆ నాలుగూ చెప్పడు.

"నా కూతురు నాతో మాట్లాడ్డం లేదు స్వామీ," అన్నాడు ఓబులేసు.



జరిగింది ఇదీ. కూతురు పావని సెలవుల్లో ముందు గదిలో ఒక గోడకు తానే రంగు వేసింది. తండ్రిలా కాదు, పద్ధతిగా చేసింది. పాత రంగు గీకి, బెజ్జాలు పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్మంతా తడిగుడ్డతో తుడిచి, ప్రైమరు ఆరేదాకా ఆగి, అప్పుడు లేత నీలం వేసింది. ఒక మూల మాత్రం బ్రష్షుకు రంగు ఎక్కువై చారలు కారాయి. ఆ పూటే ఓబులేసు ఇద్దరు వ్యాపారులను వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. గోడంతా వదిలేసి ఆ చారలే చూశాడు.

"రేపో మాపో పెండ్లయి పొయ్యేదానివి. నా ఇంటి గోడలు నీకెందుకు?" అన్నాడు, వాళ్ళ ముందే.

పావని బ్రష్షు కడిగి లోపల పెట్టేసింది. ఆ రోజు నుంచి తండ్రికి చెప్పాల్సిందేదైనా తల్లికి చెబుతుంది. "అమ్మా, ఆయన్ను అన్నానికి రమ్మను." పక్కనే నిలబడి ఉన్నా అంతే. నాయినా అని పిలిచే పిల్ల 'ఆయన' అంటుంటే ఓబులేసుకు ముద్ద దిగడం లేదు.

"మాట బయటికొచ్చినంక గానీ నాకే వినపడదు స్వామీ. సోమవారం మౌనం పట్టి చూసినా. కాఫీలో చక్కెర తక్కువయింది, మౌనం పాయ. ఏదన్నా మంత్రం చెప్పండి. నోరు కట్టేసే మంత్రం."

"నీ ఇల్లు చూసి చాన్నాళ్ళాయ," అన్నాడు స్వామి. "ఆదివారం వస్తాలే."

ఇక ఓబులేసుకు నిద్ర పడితే ఒట్టు. స్వామి వస్తున్నాడు! స్వామి ఫొటో ఒకటి పెద్దది చేయించి పటం కట్టించాడు. అది పావని రంగు వేసిన గోడకే తగిలించాలని నిర్ణయించుకున్నాడు. గురువు పటం పెట్టదగ్గ గోడ అని తను ఒప్పుకున్నట్టు పిల్లకు తెలుస్తుంది. తప్పయిందమ్మా అని నోటితో చెప్పాల్సిన బాధ ఉండదు. ఆ రెండు మాటలు తప్పించుకోవడానికి డ్రిల్లింగ్ మిషను కొన్నాడు మహానుభావుడు.

ఆదివారం స్వామి వచ్చే వేళకు కూడా మేకు పడలేదు. ఓబులేసు స్టూలెక్కాడు, దిగాడు, పెన్సిలుతో గుర్తు పెట్టాడు, చెరిపాడు, మళ్ళీ పెట్టాడు.

"ఆ గోడెనక బాత్రూము కదయ్యా," అంది రమణమ్మ. "నీళ్ళ పైపు యాడ పోతాందో చూసుకోవల్ల. కొళాయికి నేరుగా పైన బెజ్జం పెట్టొద్దంటారు."

"నాకు తెల్దా?"

మిషను గుర్రుమంది. తెల్లపొడి రాలింది. తర్వాత ఎర్రపొడి. తర్వాత పొడి రాలడం ఆగి ముద్దగా వచ్చింది. ఇదేందబ్బా అని ఓబులేసు మిషను వెనక్కి లాగాడు. నీళ్ళు ఫెళ్ళున మొహాన కొట్టాయి.

రమణమ్మ ముందు మిషను ప్లగ్గు పీకింది. ఆ ఇంట్లో ఆ క్షణాన జరిగిన తెలివైన పని అదొక్కటే. ఓబులేసు అరచెయ్యి అడ్డం పెడితే నీళ్ళు మోచేతి నుంచి కారాయి, తువ్వాలు కుక్కితే ఊడిపోయింది. "బకెట్టు! బకెట్టు తే! నిలబడి చూస్తావేమ్మే!"

అప్పుడే దస్తగిరి స్వామి గడపలో చెప్పులు విడిచాడు. లోపలికి చూశాడు. నీళ్ళలో నడిచొచ్చి చూపుడు వేలు బెజ్జంలో పెట్టి నిలబడ్డాడు. ధార ఆగిపోయింది. మణికట్టు మీదుగా సన్నగా ఒక నీటి చాలు మాత్రం కారుతోంది.

"నీళ్ళు కట్టేది యాడుంది ఓబులేసూ?"

ఓబులేసు బాత్రూములోకి పరిగెత్తి కనిపించిన కొళాయిలన్నీ తిప్పాడు. లాభం లేదు. వీధిలోకి పరిగెత్తి మున్సిపాలిటీ కొళాయి బిగించాడు. మిద్దె మీద ట్యాంకు నిండా ఉన్న నీళ్ళకు దాంతో ఏం పని? తిరిగొచ్చి ఇల్లు కట్టినవాణ్ణి తిట్టాడు, పైపు వేసినవాణ్ణి తిట్టాడు, రమణమ్మను తిట్టాడు. ప్లంబరుకు ఫోను చేస్తే ఎత్తలేదు. వాణ్ణీ తిట్టాడు.

"కట్టేది యాడుంది?" అని మళ్ళీ అడిగాడు స్వామి, ఊరు ఎక్కడని అడిగినంత నిదానంగా. సోఫా మీద పటంలో స్వామి పొడిగా నవ్వుతున్నాడు. గోడ దగ్గర స్వామి పంచె మోకాళ్ళదాకా తడిసింది.

లోపలి గదిలోంచి పావని వచ్చింది. గోడ చూసింది. బెజ్జంలో స్వామి వేలు చూసింది. మిద్దె మెట్లెక్కింది.

కాసేపటికి మణికట్టు మీది చాలు సన్నబడింది, చుక్కలయింది, ఆగిపోయింది. స్వామి వేలు బయటికి తీశాడు. నాని తెల్లగా ముడతలు పడి ఉంది.

పావని దిగొచ్చింది. "అమ్మా, ట్యాంకు కాడ వాల్వు కట్టేసినా. చెప్పు."

ఓబులేసు గిరుక్కున తిరిగాడు. నీకు తెలిసి కూడా ఇంతసేపూ లోపల ఏం చేస్తాండావు అనే మాట గొంతు దాటి నాలుక మీదికొచ్చేసింది. నోరు తెరిచాడు.

స్వామి ఆ తడి వేలు తీసుకొచ్చి అతని పెదవుల మీద పెట్టాడు.

 వేలికి సున్నం వాసన వేస్తోంది. లోపల మాట తన్నుకుంటూనే ఉంది. స్వామి వేలు తియ్యలేదు. ఆ మాట కొంచెం కొంచెంగా జారి కిందికి దిగిపోవడం ఓబులేసుకు తెలిసింది. తన మాట బయటికి రాకముందే తను వినడం అతనికి అదే మొదటిసారి.

"ఎంతసేపని పెట్టుకోని నిలబడేదప్పా నేను?" అన్నాడు స్వామి. "కట్టేది యాడుందో నువ్వు ఎతుక్కోవల్ల."

వేలు తీసి, పంచె పిండుకుంటూ వసారాలోకి వెళ్ళిపోయాడు.

ఓబులేసు గోడకేసి చూశాడు. పిల్ల అంత ఓపికగా వేసిన నీలం మీద బురద చారలు నేల దాకా కారి ఉన్నాయి. పైపొర బొబ్బలా ఉబ్బింది. అతనికి చచ్చేంత సిగ్గేసింది. ఏదో ఒకటి చేసేద్దామని చేతులు లేచాయి. గుడ్డ తీసుకోబోయి ఆగాడు.

"పావనీ," అన్నాడు. ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ విన్నది కాదు. "తప్పయిందమ్మా. ఆ వాల్వు యాడుందో నాకు చూపిస్తావా?"

పావని అలవాటుగా తల్లి కేసి చూసింది. రమణమ్మ చీపురు తీసుకుని, వెనక్కి తిరిగి నీళ్ళు తోస్తోంది.

 పావని మెట్ల వైపు నడిచింది. ఓబులేసు వెనకే వెళ్ళాడు. మెట్ల దగ్గర పావని ఆగి, తిరక్కుండానే అంది:

"చెప్పులేసుకో నాయినా. మిద్దె కాల్తాంది."