గట్టై పడుకున్నవాడు

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తారా? ఆ ఎత్తిన చేతిలో ఎముక ఉందిగా, అదే నా మొదటి సాక్షి. ఇక దించండి. నేనీ కథ చెబుతుంటే ఒకసారి నల్లమల కొండలు దగ్గరికి జరిగి విన్నాయి. పొద్దు గుంకడం మానేసి పడమటి గుట్ట మీద గొంతుక్కూర్చుంది. వాటి ముందు మీరెంత.

ఒకప్పుడు ఎముకలకు పెరగడమే తెలుసు, తరగడం తెలియదు.

ప్రతి ఎముకలోనూ ఒక మేస్త్రీ ఉండేవాడు. సున్నం కలపడం, పూయడం, మళ్ళీ కలపడం. చాలు అనేవాడు లేడు. మనుషుల ఎముకలు రోకళ్ళంత లావయ్యాయి, ఆ తర్వాత గానుగలంత. మా ముత్తాతకు ముత్తాత తొడ ఎముక మీద ఇద్దరు కూర్చుని పులిజూదం ఆడేవారు, ఆయన బతికుండగానే. కూర్చున్న మనిషిని లేపాలంటే ఎద్దుల్ని కట్టి లాగాల్సిందే.

అలాంటి రోజుల్లో కరువొచ్చింది. నేల నోరు తెరిచింది. సుంకులమ్మ అనే రైతు భార్య, పచ్చి బాలింత, గంజినీళ్ళతో ప్రాణం నిలుపుకుంటూ మంచాన పడి ఉంది. పసిబిడ్డ రొమ్ము పట్టి లాగుతోంది. పాలలోకి సున్నం పోవాలి. గుండె కొట్టుకోవాలన్నా చిటికెడు సున్నం కావాలి. పాలకూ గుండెకూ మోసుకొచ్చి ఇచ్చేది నెత్తురు. ఆ నెత్తురు దగ్గర సున్నం అడుగంటిపోయింది.

"చెల్లీ, చిటికెడు చాలు," అంది గుండె. "ఇప్పటి దెబ్బ ఎలాగో కొట్టాను. వచ్చే దెబ్బకు నాది పూచీ కాదు."

నెత్తురు పరుగున వెళ్ళి తొడ ఎముక తలుపు తట్టింది.

"పెద్దయ్యా, కాస్త సున్నం పెట్టు. బిడ్డకు పాల్లేవు. తల్లి గుండె ఆగేలా ఉంది."

"పెట్టడం మా ఇంటా వంటా లేదమ్మీ," అంది ఎముక. "కట్టడమే మాకు తెలిసింది."

"తల్లే పోయాక ఇంత లావు పెట్టుకుని ఏం చేస్తావు?"

"మిగులుతాను. అందరూ పోయాక మిగిలేది నేనే. ఏ శ్మశానానికైనా వెళ్ళి చూసుకో."

ఆ మాటకు నెత్తురు ఒళ్ళు చల్లబడింది.

ఎముకను లొంగదీయగలవాడు ఆ ఒంట్లో ఒక్కడే ఉన్నాడు. కడుపులో ఉండే పులుపు. వాడు తాకిందల్లా కరిగిపోతుందని వాడితో ఎవరూ మాట్లాడరు. గడప అవతలే నిలబడి నెత్తురు సంగతంతా చెప్పింది.

"వస్తాను," అన్నాడు పులుపు. "కానీ నాకు మనవాళ్ళు, పైవాళ్ళు అని లేదు. ఎక్కడ ఒలికితే అక్కడే కాలుస్తాను. ఆలోచించుకో తల్లీ."

నెత్తురుకు ఆలోచించే తీరిక ఎక్కడిది? వాణ్ణి కడవలో మోసుకొచ్చి ఎముక మీద గుమ్మరించింది. పులుపు జర్రున జారి కండ మీదికి పారాడు. సుంకులమ్మ విలవిల్లాడింది. ఎముక మాత్రం చెక్కుచెదరలేదు.

"రైతు ఇంటి నెత్తురువి," అన్నాడు పులుపు. "గట్టు కట్టకుండా మడికి నీళ్ళు పెడతారటే ఎవరైనా?"

"గట్టు దేంతో కట్టను? నా దగ్గర మట్టా, రాయా? పిల్లలు తప్ప నాకేమున్నాయి?"

అనేసి నాలుక కరుచుకుంది. పిల్లలు అప్పటికే విన్నారు.

నెత్తురు పిల్లలంటే ఒళ్ళంతా తిరిగి చెత్త ఏరుకు తినే అల్లరి మూక. "ఒక్కడి ఒళ్ళు గట్టుకు చాలదు," అనుకున్నారు. ఒకడు ఇంకొకణ్ణి కావలించుకున్నాడు. వాణ్ణి మరొకడు. ఒళ్ళన్నీ కరిగి ఒక్కటైపోయాయి. లోపల ప్రాణాలు మాత్రం ఎన్ని ఉన్నాయో అన్నే. పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలకాలో తెలియని పెద్ద ఒళ్ళు అది.

అలా ఒక్కటైనవాడు ఎముక మీద బోర్లా పడుకున్నాడు. ఒంటి అంచునంతా ఎముకకు అదిమిపెట్టాడు. గాలి దూరే సందు లేదు. "ఇప్పుడు పెట్టమ్మా నీళ్ళు," అన్నాడు.

పులుపు వాడి పొట్ట కింద నిలిచాడు, మడిలో నీళ్ళు నిలిచినట్టు. ఎముక పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మూలిగింది. ఆ మూలుగు నాకు ఇప్పటికీ ముసురు పట్టినప్పుడల్లా మోకాళ్ళలో వినబడుతుంది.

సున్నం కరిగింది. నెత్తురు తోడుకుని పరిగెత్తింది. గుండె ఒక దెబ్బ కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టింది. సుంకులమ్మ రొమ్ముకు పాలు దిగాయి. బిడ్డ గుటక వేసింది.

నెత్తురు తిరిగొచ్చి కొడుకు వీపు నిమిరింది. "చాలు నాయనా. ఇక లే."

"లేస్తే గట్టు తెగుతుందమ్మా. బిడ్డ తాగడం అయిందా?"

"ఇంకా తాగుతోంది."

"అయితే ఉంటాను."

ఉన్నాడు. బిడ్డ కడుపు నిండి కళ్ళు మూసింది. వాడూ మూశాడు. బిడ్డ మాత్రమే మళ్ళీ తెరిచింది. ఎముక మీద వాడి ఒంటి ఆకారంలో ఒక గుంత మిగిలింది. పులుపు మొదటిసారి ఎవరినీ కాల్చకుండా తలవంచుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రీ వచ్చి ఆ గుంత చూసి తట్ట దించాడు.

"చూస్తావేం? గబగబా పూడ్చు," అంది ఎముక.

"తవ్వినంత తొందరగా పూడ్చడం ఎవరి తరమూ కాదు పెద్దయ్యా. చేతుల్లో సత్తువున్నన్నాళ్ళు పూడుస్తాను. ముసలివాణ్ణయ్యాక నన్ను అడగకు."

మేస్త్రీ తట్ట ఎత్తుకుని గుంతలోకి దిగాడు.

అప్పటినుంచే నెత్తురు పిల్లలు ఒక్కటై ఎముక మీద బోర్లా పడుకుంటున్నారు. గట్టు కట్టి, పులుపు నిలిపి, సున్నం కరిగించి గుండెకూ పాలకూ పంపి, పని కాగానే చచ్చిపోతున్నారు. వెనకాలే మేస్త్రీ వచ్చి గుంతలు పూడుస్తున్నాడు. మన ఎముకలు గానుగలంత కాకుండా ఉన్నాయంటే అందుకే. మేస్త్రీకి వయసు మళ్ళాక గుంతలు గుంతలుగానే ఉండిపోయి, ముసలివాళ్ళ నడుములు వంగిపోతున్నదీ అందుకే.

ఇంకా అనుమానమా? మా వీధి చివర అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ ఒకావిడ ఉంటుంది. కడుపున పుట్టినవాళ్ళందరికీ కరువుల్లోనే పాలిచ్చింది. వెళ్ళి అడగండి. ఆవిడకు తలెత్తి చూడటం కుదరదు, మీరే వంగి అడగాలి. పేరు గూని ఈరక్క.